అమ్మ నోట్‌బుక్కులో స్వరాలు కాన్వాస్ మీదికి ఎలా ఎక్కాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. అమ్మగారు చాలా ఏళ్లు ఇంట్లో పిల్లలకి సంగీతం చెప్పారు. ఆవిడ చేత్తో రాసుకున్న స్వరాల నోట్‌బుక్కులు నాలుగు మీ దగ్గరున్నాయి. కొన్ని పేజీలు 24×36 అంగుళాల కాన్వాస్ మీద అతికించి, పైన ఆక్రిలిక్ పూతలు వేసి, మధ్యలో వీణ గీద్దామనుకున్నారు. జిరాక్సులతో ఒక నమూనా చేసి చూస్తే "పెళ్లి శుభలేఖలా" వచ్చింది. మీకు సంగీతం సరళీ వరుసలు (మొట్టమొదట నేర్పే స్వరాల వరుసలు), నాలుగైదు గీతాల వరకే వచ్చు. తప్పెక్కడ, ఏ జిగురు వాడాలి, అసలు ఆ పేజీలు చింపొచ్చా అని అడిగారు.

చివరిదానికి ముందు జవాబు చెబుతాను. చింపకండి. ఒక్క పేజీ కూడా.

ఇక శుభలేఖ సంగతి. పాపం, వీణ తప్పేం లేదు. మీ నమూనాలో స్వరాలు ఏ పనీ చెయ్యడం లేదు, అదీ గొడవ. వాటి బదులు చాకలిపద్దు అతికించినా బొమ్మ అలాగే ఉండేది. స్వరలిపి అంటే పాడేవాడికి ఇచ్చే ఆజ్ఞ: ఇక్కడ ఎక్కు, ఇక్కడ దిగు, ఇక్కడ రెండు మాత్రలు నిలబడు. ఆ ఆజ్ఞని మీ బొమ్మ కూడా పాటించాలి. ఎంత పాటించాలన్నది మీ ఇష్టం. అసలే పాటించకపోతే అది అచ్చుకాగితమే.

ఇది నాకు ఒక పెద్దాయన నేర్పాడు. చిన్నప్పుడు పదేళ్లు వీణ నేర్చుకుని వదిలేసినదాన్ని. బొమ్మల్లోకి స్వరాలు తెస్తే ఘనంగా ఉంటుందని నా మొదటి ప్రదర్శనకి మీలాగే చేశాను. పంచెకట్టులో వచ్చిన ఆయన నా పెద్ద బొమ్మ ముందు నిలబడి, తొడ మీద తాళం వేసుకుంటూ పెదాలు కదుపుతున్నాడు. ఉన్నట్టుండి ఆగి, "అమ్మా, రెండో ఆవర్తనంలో రెండక్షరాలు ఎగిరిపోయాయే?" అన్నాడు. (ఆవర్తనం అంటే తాళం ఒక చుట్టు, అక్షరం అంటే అందులో ఒక లెక్క.) కుడి అంచు కిక్కిరిసినట్టుందని కత్తెర వేసింది నేనే. ఆయన ఎత్తిపొడవలేదు. నిజంగా పాడుకోబోయాడు, పాట తెగింది. మిగతావాళ్లందరూ "బాగుంది" అని వెళ్లిపోయినవాళ్లే. ఆ బొమ్మని చదివింది ఆయనొక్కడే.

అందుకని మొదట రంగులు పక్కన పెట్టి, స్కేలు తీసుకోండి.

మీ కాన్వాస్ అదృష్టవశాత్తు సంగీతానికి సరిగ్గా సరిపోయే కొలత. 36 అంగుళాల వెడల్పులో అటూ ఇటూ రెండేసి అంగుళాలు అంచు వదిలితే 32 మిగులుతాయి. ఆదితాళానికి ఎనిమిది అక్షరాలు. అక్షరానికి నాలుగు అంగుళాలు. లఘువు అనే మొదటి భాగానికి నాలుగక్షరాలు కాబట్టి 16 అంగుళాలు, ద్రుతాలనే మిగతా రెండు భాగాలకి ఎనిమిదేసి. అంటే కాన్వాస్ సగం, పావు, పావుగా విడిపోతుంది. ఇంత చక్కటి విభజన మనం బుర్ర బద్దలు కొట్టుకున్నా తట్టదు. ఏడక్షరాల మిశ్రచాపు తాళం కావాలంటే 3+2+2. అదే 4 అంగుళాల లెక్కన 12, 8, 8. వెడల్పు 28 చాలు. చూడగానే కొంచెం కుంటుతున్నట్టు ఉంటుంది, చాపు తాళం నడకే అంత.

ఇప్పుడు చేతితో తాళం వెయ్యండి: ఒక దెబ్బ, మూడు వేళ్లు, దెబ్బ, విసురు, దెబ్బ, విసురు. ఈ మూడు రకాల చేష్టలకి మూడు రకాల పదార్థాలు పెట్టుకోవచ్చు. నేను దెబ్బ పడే అక్షరానికి మందమైన రంగు, కత్తితో పూసినది, వాడతాను. వేళ్లు లెక్కపెట్టే అక్షరాలకి దారం కుట్టు. విసురుకి పల్చటి టిష్యూ కాగితం, కింద గుడ్డ కనిపించేలా. చెయ్యి పైకి తిప్పినప్పుడు శబ్దం ఉండదు కదా, అక్కడ బరువు ఉండకూడదు. మీరు వేరేలా అనుకోవచ్చు. ఒకసారి అనుకున్నాక బొమ్మ మొత్తం అదే మాట మీద ఉండండి.

సరళీ వరుసలే వచ్చని సిగ్గుపడుతున్నారు గానీ, ఈ పనికి అంతకన్నా మంచి సరుకు లేదు. మొదటి సరళీ వరుస మొదటి కాలంలో (కాలం అంటే ఇక్కడ వేగం) అక్షరానికి ఒక స్వరం, అంటే నాలుగంగుళాలకి ఒకటి. రెండో కాలంలో రెండంగుళాలకి, మూడో కాలంలో అంగుళానికి. ఒకే వరుస ఒకదాని కింద ఒకటి మూడు పట్టీలుగా వేస్తే వెడల్పు మారదు, రద్దీ రెట్టింపవుతూ వస్తుంది. పుస్తకంలో రెండో కాలానికి స్వరాల మీద ఒక గీత, మూడో కాలానికి రెండు గీతలు గీస్తారు. ఆ గీతల్ని తీగలుగా లాగండి. వీణ తీగ తెగిన ముక్కలు ఇంట్లో ఉంటే ఇంకా మంచిది.

నిలువు కొలత ఇంతకన్నా సరదాగా ఉంటుంది. కాన్వాస్ ఎత్తు 24 అంగుళాలు, స నుంచి పై స దాకా ఒక స్థాయి, అందులో స్వరస్థానాలు 12. స్థానానికి రెండంగుళాలు. సరళీ వరుసలు నేర్పే మాయామాళవగౌళ రాగంలో షడ్జం (స) నుంచి పై షడ్జం దాకా ఎడాలు లెక్కేస్తే 1, 3, 1, 2, 1, 3, 1 వస్తుంది. ముందు నుంచి చదివినా వెనక నుంచి చదివినా ఒకటే. మీ కాన్వాస్ మీద 2, 6, 2, 4, 2, 6, 2 అంగుళాల అడ్డపట్టీలు. సరిగ్గా మధ్యలో మడిస్తే కింది సగం పై సగం మీద కూర్చుంటుంది. పిల్లలకి మొదటి రాగంగా దాన్నే ఎందుకు పెట్టారో కళ్లకి కట్టినట్టు కనిపిస్తుందని నా అభిప్రాయం (సంగీతం పండితులు వేరే కారణాలు చెబుతారు, వాళ్లతో పేచీ లేదు). శంకరాభరణం అయితే 4, 4, 2, 4, 4, 4, 2, మడిస్తే కలవదు. మోహనకి అయిదే పట్టీలు: 4, 4, 6, 4, 6. ఈ మూడూ పక్కపక్కన మూడు చిన్న అట్టల మీద వేసి చూడండి. రాగాన్ని బొమ్మ వెయ్యడమంటే నెమలీ తంబురా గియ్యడమే కాదని అప్పుడు తెలుస్తుంది.

నెమలి మాట వచ్చింది కాబట్టి రాగమాల చిత్రాల గురించి రెండు ముక్కలు. రాజస్థాన్‌లో, పహాడీ సీమల్లో, మన దక్కనులో కూడా చిత్రకారులు రాగాలకి బొమ్మలు వేశారు. ఎక్కువ మందికి తెలిసిన పద్ధతిలో ఆరు రాగాలు, ఒక్కోదానికి అయిదేసి రాగిణులు, మొత్తం 36. ఆ బొమ్మల్లో స్వరలిపి ఉండదు. రుతువు, వేళ, నాయిక మనఃస్థితి ఉంటాయి. అది వేరే దారి, గొప్ప దారి. మీ చేతిలో మాత్రం లిపి ఉంది. రెండిటినీ కలిపేస్తేనే శుభలేఖ తయారవుతుంది.

లిపిని కొలతగా వాడినవాళ్లు బయట ఉన్నారు. చిత్రకారుడు పాల్ క్లే తండ్రి సంగీతం మాస్టారు, తల్లి గాయని, తను వయొలిన్ వాయించేవాడు. జర్మనీలోని బౌహౌస్ కళాశాలలో పాఠాలు చెప్పేటప్పుడు సంగీతకర్త బాఖ్ రచనలోంచి కొన్ని బార్లు (తాళం గళ్లు) తీసుకుని, అడ్డంగా కాలం, నిలువుగా శ్రుతి పెట్టి గీతలుగా మార్చి చూపించాడు. పికాసో 1912లో గిటారు కొలాజ్‌లో అచ్చయిన స్వరపత్రం ముక్కనే అతికించాడు. మరి ఆయన అతికిస్తే తప్పు కాలేదేం అంటారా? ఆయన చుట్టూ గోడకాగితం, న్యూసుపేపరు, గీసిన గాజుగ్లాసు పెట్టి, వాటిలో ఏది వస్తువు, ఏది బొమ్మ అన్న తగువు పెట్టాడు. స్వరపత్రం ఆ తగువులో ఒక కక్షిదారు. మీ నమూనాలో అది ప్రేక్షకుడు.

ఇప్పుడు చాలామంది పప్పులో కాలేసే చోటు. స్వరాల మధ్య కామా ఉంటే ఒక మాత్ర, సెమికోలన్ ఉంటే రెండు. బొమ్మల వాళ్లు వాటిని విరామం అనుకుని అక్కడ ఖాళీ వదులుతారు. కామా దగ్గర గొంతు ఆగదు. ముందు స్వరమే సాగుతుంది. కాబట్టి అక్కడ ముందు స్వరం రంగే కొనసాగాలి, కొంచెం పల్చబడినా సరే. నిజమైన ఖాళీ వేరే చోట ఉంటుంది. చాలా కృతులు తాళం మొదలయ్యాక కాస్త ఆగి ఎత్తుకుంటాయి, అనాగత ఎడుపు అంటాం. అక్కడ ఎడమ అంచు దగ్గర అక్షరమో అర అక్షరమో గుడ్డని గుడ్డగా వదిలేయండి. తెలిసినవాడు అక్కడ చెయ్యి వేసి ఎదురుచూస్తాడు.

రంగులకి నేను చాలా కాలం తడుముకున్నాను. "నాకు కల్యాణి రాగం నీలంగా కనిపిస్తుంది" లాంటి మాటలు చెప్పుకోవడానికి బాగుంటాయి. పక్కవాడికి అది ఆకుపచ్చగా కనిపిస్తే ఏం చేస్తారు? చివరికి 13వ శతాబ్దంలో దేవగిరిలో శార్ఙ్గదేవుడు రాసిన సంగీతరత్నాకరం దగ్గర ఆగాను. ఆయన ఏడు స్వరాలకీ రంగులు చెప్పాడు: స తామర రంగు, రి పసుపు కలిసిన ఎరుపు, గ బంగారం, మ మల్లెపువ్వు తెలుపు, ప నలుపు, ద పసుపు, ని చిత్రవర్ణం, అంటే పలు రంగుల కలగలుపు. దీన్ని సైన్సనుకోకండి. ఒక కట్టుబాటు, అంతే. బొమ్మకి కట్టుబాటు కావాలి. గ, ద దగ్గరదగ్గర రంగులు కాబట్టి నేను గ-కి బంగారు రేకు, ద-కి పసుపుకొమ్ము రంగు వాడతాను. ని దగ్గర అంతకు ముందు వాడిన అన్ని రంగుల తుడుపుగుడ్డ ముక్క అతికిస్తాను. చిత్రవర్ణం అంటే అంతకన్నా ఏం కావాలి.

ఇంతవరకూ చెప్పింది ఎముకలగూడు. అమ్మగారి నోట్‌బుక్కులో ఉన్నదీ అదే. "గ" అని ఒక్క అక్షరం రాసి ఉంటుంది. తోడి రాగంలో ఆ గాంధారం ఒక్కచోట నిలబడదు, రిషభానికీ మధ్యమానికీ మధ్య ఊగుతుంది. ఆ ఊపు అక్షరంలో లేదు, ఆవిడ గొంతులో ఉంది. ఇలాంటి ఊపుని, అంటే గమకాన్ని, కాగితం మీద పట్టుకోవాలని చూసినవాళ్లలో సుబ్బరామ దీక్షితులు పెద్దవారు. 1904లో ఎట్టయపురం నుంచి వచ్చిన ఆయన సంగీత సంప్రదాయ ప్రదర్శిని తెలుగు లిపిలోనే అచ్చయింది. తమిళ సీమలో అచ్చయిన పుస్తకానికి తెలుగు అక్షరాలు, స్వరాల నెత్తిన గమకాల గుర్తులు: కంపితానికి అలల గీత, ఎక్కే జారుకి ఒక వాలు గీత, దిగే జారుకి ఇంకో వైపు వాలిన గీత, వళికి విల్లులా వంగిన గీత. మొదటిసారి ఆ పేజీ చూసినప్పుడు నేను చదవలేదు, చూశాను. అక్షరాల మీద వాన కురిసినట్టుంటుంది. మీరు చిత్రకారిణి కాబట్టి సంపాదించి చూడండి. ఆ గుర్తులని కుట్టుపనిలోకి దించడం తేలిక: కాడకుట్టు, గొలుసుకుట్టు, వాలు కుట్టు చాలు. షడ్జం, పంచమం కదలని స్వరాలు కాబట్టి వాటికి బిగించి లాగిన దారం. మిగతావాటికి వదులు దారం.

అమ్మగారు పాడినవి పాత క్యాసెట్టులో ఏమైనా ఉన్నాయా? ఉంటే ముందు వాటిని డిజిటల్‌లోకి ఎక్కించండి, ఆ తర్వాతే ఏ ఆలోచనైనా. సోనిక్ విజువలైజర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఆ పాట తెరిచి, శ్రుతి గుర్తించే ప్లగిన్ జోడిస్తే, గొంతు ఎక్కడ ఎక్కిందో ఎక్కడ ఊగిందో గీతలా కనిపిస్తుంది. ఆ గీతని ట్రేసింగ్ కాగితం మీదికి ఎత్తి, నోట్‌బుక్కులోని అదే పంక్తి మీద పరవండి. కింద ఆవిడ రాసింది, పైన ఆవిడ పాడింది. రెండూ కలవని చోట్లే మీ బొమ్మ. నాకైతే వీణ బొమ్మ కన్నా అది వంద రెట్లు విలువైనది.

వీణ మీద అంత మనసుంటే బొమ్మ మానేసి మెట్ల లెక్క వాడండి. వీణకి 24 మెట్లు, మైనంలో కూర్చోబెడతారు, పైకి పోయేకొద్దీ దగ్గరవుతాయి. తీగ పొడవు 32 అంగుళాలు అనుకుంటే మొదటి మెట్టు దాదాపు 1.8 అంగుళాల దగ్గర, పన్నెండోది సరిగ్గా సగానికి 16 దగ్గర, ఇరవైనాలుగోది 24 దగ్గర. చివరి రెండు మెట్ల మధ్య అర అంగుళం కూడా ఉండదు. ఈ నిలువు గీతలు వేస్తే చాలు, ఒక్క తీగ కూడా గియ్యకుండానే వీణ తెలిసినవాళ్లు గుర్తుపడతారు.

సాహిత్యం కూడా వాడాలనుకుంటే ముత్తుస్వామి దీక్షితుల ఆనందభైరవి కృతి ఒకటి ఉంది, "త్యాగరాజ యోగ వైభవం". ఆ మాట ముందు నుంచి తరుగుతూ వస్తుంది: అగరాజ యోగ వైభవం, రాజ యోగ వైభవం, యోగ వైభవం, వైభవం, భవం, వం. ఒకదాని కింద ఒకటి రాస్తే ఆవుతోకలా సన్నబడుతుంది. గోపుచ్ఛ యతి అన్న పేరే అలా వచ్చింది (యతి అంటే పాటలో మాటలు అమరిన ఆకారం). ఆ కృతిలోనే తర్వాత ఏరులా వెడల్పయ్యే స్రోతోవహ యతి కూడా ఉంది. రచయితే ఆకారం ఇచ్చేశాక మనం కొత్త ఆకారం పెట్టబోతే అధికప్రసంగం.

ఇక జిగురు, కాగితం. ఇక్కడ నా చేతులు కాలిన అనుభవాలే ఎక్కువ.

నోట్‌బుక్కు పేజీలని 600 డీపీఐలో స్కాన్ చెయ్యండి. అమ్మగారి నోట్‌బుక్కులు అని చెప్పి కోసిన కాగితం కనిపిస్తే చూసేవాళ్లలో సగం మంది మనసు కలుక్కుమంటుంది. కాలు తగిలితే పుస్తకాన్ని కళ్లకద్దుకునే ఇళ్లు మనవి. ప్రింటు లేజరులోనే తీయించండి. ఇంట్లో ఇంక్‌జెట్ మీద తీసిన ప్రింటుకి జెల్ మీడియం (ఆక్రిలిక్ రంగులతో వాడే చిక్కటి పారదర్శక పూత) పూయగానే నావి స్వరాలన్నీ ఊదారంగు మడుగైపోయాయి. లేజరు ప్రింటరులో వాడే పొడి, టోనర్, నీటికి కరగదు. అక్షరం మాత్రమే కాన్వాస్ మీద నిలిచి కాగితం పోవాలంటే ఇలా చెయ్యండి: కాన్వాస్ మీద జెల్ మీడియం సమంగా పూసి, ప్రింటుని బోర్లా వేసి, గాలిబుడగలు లేకుండా అదిమి, రాత్రంతా ఆరనివ్వండి. పొద్దున్న తడిపి వేలికొసలతో నెమ్మదిగా రుద్దితే కాగితం పీచు ఉండలు కట్టి ఊడొస్తుంది. తెల్లటి మసక మిగిలితే ఇంకో పల్చటి పూత వెయ్యండి. ప్రింటు తీసేటప్పుడే అద్దంలో కనిపించినట్టు తిప్పి తీయాలి. ఇంగ్లీషు అక్షరాలు తిరగబడితే వెంటనే కంటికి తగులుతాయి. "మ", "ప" తిరగబడితే మొదట తెలియదు, పూర్తయ్యాక తెలుస్తుంది. నాకు తెలిసింది ప్రదర్శనకి రెండు రోజుల ముందు.

మామూలు తెల్ల జిగురు అట్టపెట్టెలకి బాగుంటుంది. దానితో చేసిన నా పాత బొమ్మ పదేళ్లలో పసుపు తిరిగింది, తిరిగి ఊడదీయడానికీ రాదు. పలుచని కాగితానికి గోధుమ పిండి గంజి, పిప్పి తీసేసినది, ఎప్పటికైనా తడిపి విడదీయొచ్చు. పాత బైండింగు పనివాళ్లు పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం కలిపేవారు. అది విషం, ఇంట్లో చేసేటప్పుడు వద్దు. దానికి బదులు పల్చగా పూసి, బాగా ఆరబెట్టి, వెనక గాలి ఆడేలా ఫ్రేము కట్టించండి.

కాగితం అసలే వద్దనుకుంటే శ్రీకాళహస్తి పద్ధతి ఉంది. కరక్కాయ, గేదెపాలు కలిపిన నీళ్లలో నూలుగుడ్డ ముంచి ఎండబెడతారు. తుప్పుపట్టిన ఇనుము, బెల్లం నీళ్లలో రోజుల తరబడి పులియబెడితే వచ్చే కసింలో వెదురు కలం ముంచి రాస్తారు. కరక్కాయ వగరు తగలగానే ఇనుము నల్లబడుతుంది. పాలలోని కొవ్వు వల్ల గీత అల్లుకోదు. అక్షరం రాస్తున్నప్పుడు లేతగా ఉండి, చూస్తుండగా నల్లబడడం స్వరం నిలవడంలాగే ఉంటుంది. అమ్మగారి చేతిరాతని ట్రేస్ చేసి ఈ కలంతో రాస్తే, ఆవిడ చెయ్యి నడిచిన దారిలోనే మీ చెయ్యి నడుస్తుంది. అతికించడానికీ దీనికీ ఎంత తేడానో రాశాక మీకే తెలుస్తుంది.

తిరుపతి వైపు వెళ్తే తాళ్లపాక రాగిరేకులు చూడండి. అన్నమయ్య సంకీర్తనలకి రాగం పేరు చెక్కారు, సాహిత్యం చెక్కారు, స్వరాలు చెక్కలేదు. వేల పాటలకి పేరుంది, వరుస లేదు. ఇప్పుడు మనం వినేవి చాలావరకు తర్వాతివాళ్లు కట్టినవే. దాని మీద నేను ఒక వరస బొమ్మలు చేశాను: రాగిరేకు, పైన రాగం పేరు, కింద 32 అంగుళాల తాళం గళ్లు, ఒక్క స్వరం లేకుండా. మీ నోట్‌బుక్కుల్లోనూ పేరు రాసి స్వరాలు రాయని పాట ఒకటో రెండో ఉండే ఉంటాయి. ఆవిడకి నోటికి వచ్చు కాబట్టి రాసుకోలేదు. ఆ పేజీలు వేరే తీసి పెట్టుకోండి.

ఇంకో మాట. నోట్‌బుక్కుల్లో కొట్టివేతలు, పక్కన పెన్సిలు టిక్కులు, "ఇక్కడ తొందరపడుతుంది" లాంటి రాతలు చూడండి. అచ్చుపుస్తకంలో దొరకనివి అవే. నన్నడిగితే మొదటి బొమ్మకి శుభ్రంగా రాసిన పేజీ వద్దు, ఎక్కువ దిద్దుబాట్లున్న పేజీ తీసుకోండి.

పెద్ద కాన్వాస్ జోలికి ఇప్పుడే వెళ్లకండి. 16×12 అంగుళాల అట్ట మీద, అక్షరానికి రెండంగుళాలు, స్వరస్థానానికి ఒక అంగుళం చొప్పున, మొదటి సరళీ వరుస ఒక్క కాలం వెయ్యండి. అయ్యాక గోడకి ఆనించి, ఎదురుగా కూర్చుని తాళం వేస్తూ పాడి చూడండి. ఎక్కడ చెయ్యి తడబడితే అక్కడ కొలత తప్పినట్టు. కరక్కాయ గుడ్డతో చేస్తే మటుకు ఎండలో పూర్తిగా ఆరేదాకా ఇంట్లోకి తేకండి, పాల వాసనకి చీమలు బారులు తీరతాయి.